నాలుగు వందల పందొమ్మిదో అర

020 – లైబ్రరీ పని

రోజూ ఏం పని చేశావో రాసిపెట్టమని ఊరి కమిటీ చెప్పింది. తారీఖులు కూడా వెయ్యమంది. తారీఖులు వేస్తే నేను ఏ రోజు ఏ పనీ చెయ్యలేదో తెలిసిపోతుంది, కాబట్టి వెయ్యను. ఏ రోజు ఏ అరతో తల పట్టుకు కూర్చున్నానో ఆ అర నంబరు వేస్తాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వాళ్లే వచ్చి ఈ ఉద్యోగం చేసుకోవచ్చు.

నా పేరు మోపిదేవి. కొత్తదివిలో మూడో తెప్ప మీద ఉన్న లైబ్రరీ నాది. నాది అంటే నేను తప్ప ఎవరూ తుడవనిది అని అర్థం. పొద్దున్నే కిటికీ అద్దం మీద పేరుకున్న ఉప్పు గీకుతాను. తర్వాత తేమ పీల్చే గుళికల సంచులు బయటికి తెప్పించి డాబా మీద రేకులు పరిచి ఎండబెడతాను. గులాబీ రంగులోకి తిరిగిన గుళికలు మళ్లీ నీలంగా మారేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పక్కనే చేపలు ఎండబెట్టేవాళ్లుంటారు. నా సంచులకి చేపల వాసన పడుతుందని నేనూ, వాళ్ల చేపలకి పాత కాగితాల వాసన పడుతుందని వాళ్లూ కాసేపు పోట్లాడుకుంటాం. అది అయ్యాక టీ తాగుతాం.

పాత దివి మునిగాక ఒడ్డు ఊళ్లలో దొరికిన పుస్తకాలన్నీ ఈ తేలే ఊరికి చేర్చారు. ఈ ఉప్పుగాలికి కాగితం నిలవదు. అందుకని వాటిని గాలి తీసేసిన గదిలో పెట్టారు. అందులోకి మనిషి వెళ్తే తిరిగి రాడు. బండోడు వెళ్తాడు. బండోడంటే చక్రాల మీద తిరిగే యంత్రం. వాడికి ఒక కన్ను, ఒక చెవి, పొడుగాటి చెయ్యి ఉన్నాయి. కిటికీ దగ్గర నిలబడి నంబరు చెబితే ఆ అరలోంచి వరసలో ఉన్న పుస్తకం తెచ్చి ఇస్తాడు. ఏ నంబరు దేనికో చెప్పే పట్టిక మొదట్లో వాడి బుర్రలోనే ఉండేది. నా చిన్నప్పుడు తెప్ప మీద పిడుగు పడి అది కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. నంబర్లు మాత్రం మిగిలాయి.

మావాళ్లు దానికేమీ బెంగపెట్టుకోలేదు. అవసరమైన నంబర్లు బట్టీపట్టేశారు. అంతటితో ఆగారా, వాటినే మాటలు చేసుకున్నారు. పెళ్లికి వెళ్లొచ్చినవాణ్ని ఆరు నలభై ఒకటి ఎలా ఉందని అడుగుతారు, అది వంట అర. కడుపుతో ఉన్న పిల్లని ఆరు పద్దెనిమిది అంటారు. ఎవరైనా నీతులు మొదలుపెడితే నూట యాభై ఎనిమిది ఇక ఆపమంటారు. జాతకాలు చెప్పే మా చినమామయ్య అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు, ఆయన నూట ముప్పై మూడు. ఇలా గుప్పెడు నంబర్లతో ఊరి బతుకు హాయిగా సాగిపోతోంది. మిగిలిన వందల అరల్లో ఏముందో ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు పట్టాల్సి వచ్చింది. విత్తనాలు దాచడానికి కమిటీకి సగం గది కావాలట. తుఫాన్ల రోజులకి ముందు కొండల మీది ఊళ్ల నుంచి పడవ వస్తుంది. అందరికీ అర్థమయ్యే పేరు ఉన్న అర ఇక్కడే ఉంటుంది. పేరు లేని అరలోని పుస్తకాలు ఆ పడవెక్కి కొండ గిడ్డంగికి పోతాయి. అక్కడికి పోయిన వస్తువు తిరిగి రావడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. అరలకి పేర్లు పెట్టే పని నాకు అప్పజెప్పారు. నాకు సంతోషంగానే ఉందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కమిటీ ముందు మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాను, లేకపోతే ఇంకో పని కూడా తగిలిస్తారు.

641 – వంట

బండోడికి పేరు నేర్పడం అంత సులువేమీ కాదు. వాణ్ని తయారుచేసినవాళ్లు ఒక నియమం పెట్టి పోయారు. దాన్ని మార్చగలిగే మనిషి ఇప్పుడు లేడు. ఒక అరలోంచి పుస్తకం తీసి ముగ్గురికి చూపించాలి. ముగ్గురూ విడివిడిగా వచ్చి, ఒకరిది ఇంకొకరికి తెలియకుండా, అది దేని గురించో వాడి ముందు చెప్పాలి. ముగ్గురిదీ ఒకటే అయితే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, ఆ పేరు ఆ నంబరుకి అతుక్కుపోతుంది. తేడా వస్తే ఎర్రదీపం. వారం దాకా ఆ అరకి కొత్త పేరు తీసుకోడు, పుస్తకమూ ఇవ్వడు. పక్కనుంచి అందిస్తే వాడికి తెలిసిపోతుంది, అప్పుడూ ఎర్రదీపమే. పుస్తకం తీసి చూపించేదాన్ని గనక నేను ఆ ముగ్గురి లెక్కలోకి రాను.

ముగ్గురిలో ఒకరు కమిటీ మనిషి ఉండాలని కమిటీ పట్టుబట్టింది. ఆ మనిషి భుజంగరావు మాస్టారు. ఒడ్డు మీద లైబ్రరీలు ఉన్న రోజుల్లో ఆయన పుస్తకం దేని గురించో చెప్పే శీర్షికలు పెట్టే ఉద్యోగం చేశారు, నంబర్లు వేసేవాళ్లు వేరే. ఎండలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకునే మనిషి. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటారు. గొంతు ఎంతసేపు సవరించుకుంటే మాట అంత పెద్దదిగా వస్తుంది.

మొదటి రోజు తేలికగా అయిపోవాలని వంటల పుస్తకం తీయించాను. చేపలు ఎండబెట్టే ఆవిడ వచ్చి వంట అంది. క్యాంటీన్ నడిపే సుబ్బన్న వచ్చి వంట అన్నాడు. మాస్టారు వచ్చి, గొంతు సవరించుకుని, పాకశాస్త్రము అన్నారు. ఎర్రదీపం వెలిగింది. సరిగ్గా రొయ్యల పచ్చళ్లు పెట్టే రోజుల్లో ఊరంతటికీ వంటల పుస్తకాలు వారం పాటు బందయ్యాయి. సుబ్బన్న గరిట పట్టుకునే వచ్చేశాడు.

మాస్టారు ఏమీ తొణకలేదు. శీర్షిక అంటే ఎవరి నోటికి వచ్చింది వాళ్లు అనేది కాదనీ, వందేళ్ల తర్వాత వచ్చేవాడికి కూడా నిలబడాలనీ నాకు నచ్చజెప్పారు. పచ్చడి లేకపోతే వందేళ్ల తర్వాత ఇక్కడ ఎవరూ ఉండరని నేను చెప్పాను. వారం తిరిగాక ఆయన వచ్చి, ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి, వంట అన్నారు. ఆకుపచ్చ దీపం వెలగ్గానే కిటికీ బయట చప్పట్లు మోగాయి. అంతసేపు అంతమంది అక్కడే నిలబడి ఉన్నారని నాకు తెలియలేదు. ఒకావిడ నెమ్మదిగా కిటికీ దగ్గరకొచ్చి, నంబరు లేకుండా, వంట అని అడిగింది. బండోడు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ పుస్తకం తీసుకోవడం మరిచిపోయి వాడికేసి చూస్తూ ఉండిపోయింది.

632 – పురుగులు

వంటతో నాకు హుషారు ఎక్కువైంది. రోజూ మధ్యాహ్నం పుస్తకాలు క్యాంటీన్‌లో పెట్టించి, భోజనానికి వచ్చినవాళ్లని చూడమనేదాన్ని. ఎవరి నోట్లోంచి ఏ మాట ముందుగా వస్తుందో చూడటం ఆటైపోయింది. అన్నం తింటూనే అరల పేర్లు చెప్పేస్తున్నారు. 639 చేపలు, 623 పడవలు, 618 కాన్పు. నూట యాభై ఎనిమిదికి మాత్రం ఇద్దరు నస అన్నారు, మాస్టారు వ్యక్తిత్వ వికాసము అన్నారు, ఎర్రదీపం వెలిగింది. ఆ అరకోసం ఎవరూ గరిటతో రాలేదు.

పని చకచకా అయిపోతుంటే మాస్టారు కూడా పట్టు సడలించి చిన్న మాటలే చెప్పసాగారు. ఒకే రోజు మూడు అరలకి ఆకుపచ్చ దీపం పడింది. మూడింటికీ పడిన పేరు పురుగులు. నేను గమనించలేదు. గమనించకపోగా ఆ సాయంత్రం కమిటీ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు సొరపాదుల తెప్ప కాపు చూసుకునే ఆయన వచ్చి పురుగులు అని అడిగాడు. పాదుకి పురుగు పట్టిందట. బండోడు తనకు తోచిన పుస్తకం ఇచ్చాడు. ఆయన దాన్ని శ్రద్ధగా చదువుకుని, సాయంత్రం తిరిగొచ్చి, మందు పరగడుపునే వెయ్యాలని రాశారు, పాదుకి పరగడుపు ఎప్పుడమ్మా అని నన్నడిగాడు. అది పిల్లల కడుపులో పురుగుల పుస్తకం. నేను నవ్వు ఆపుకోలేక గుళికల సంచుల వెనక కూర్చున్నాను.

మాస్టారు నవ్వలేదు. చిన్న మాటైనా పర్వాలేదు గానీ ఎవరి పురుగో చెప్పాలి కదమ్మాయ్ అన్నారు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. నాకు తెలిసిన మాటలు ఊరికి తెలుసు, ఆయనకి తెలిసిన తేడాలు నాకు తెలియవు. అతుక్కున్న పేరు మార్చాలన్నా బండోడికి వారం కావాలి, ఆ వారం ఆగి మూడింటినీ మళ్లీ పెట్టాం. పంట పురుగులు, కడుపులో పురుగులు, రెక్కల పురుగులు. మూడూ ఆయన అన్న మాటలే, ఊరు కూడా అన్నవే. ఆ రోజు నుంచి ఆయన టీ కూడా నేనే పోస్తున్నాను. నాకు ఆయన అంటే ఇష్టం ఏర్పడింది, ఈ సంగతి కమిటీ చదివినా సరే.

617 – చెవి

పేరంటాలు నాలుగో తెప్ప మీద వలలు బాగుచేస్తుంది. ఆమె కూతురు నాంచారికి ఆరేళ్లు. పుట్టినప్పటినుంచీ ఆ పిల్లకి ఏమీ వినపడదు. పడవలో వచ్చిన డాక్టరు చూసి, చెవి నుంచి లోపలికి పోయే నరమే లేదనీ, ఏ మిషనూ పనిచెయ్యదనీ చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత పేరంటాలు ఇంకెవరినీ అడగలేదు, నా కిటికీకి వచ్చేసింది. 617 చెవి, కన్ను, పన్ను అని ఎవరో ఆమెకి చెప్పారు. ఏడాది నుంచి ఆ అరలోని పుస్తకాలు ఒక్కొక్కటే తీయిస్తోంది. తనకి చదువు అంతంతమాత్రం గనక నేను చదివి చెబుతాను. ఏ పుస్తకం తెరిచినా చెవిని నిలువునా కోసిన బొమ్మలే.

నాంచారి ఆ సేపట్లో డాబా మీద నా సంచులు విసిరి పారేస్తుంది, ఎండు చేపలు ఎత్తుకుపోతుంది, అడ్డం వెళ్తే జుట్టు పట్టుకుంటుంది. పెద్దగా అరుస్తుంది. మొండి పిల్ల అని ఊరి పేరు. తల్లికీ కూతురికీ మధ్య నాలుగైదు సైగలున్నాయి. తిండి, నిద్ర, రా, వద్దు. వాటితో రోజు గడుస్తుంది. ఈ రోజు నా చేతిలో పుస్తకం కూడా అంతకుముందు వాటిలాంటిదే అయింది. మూసి పక్కన పెట్టి, ఇంకెన్ని చూద్దామే అన్నాను. విసుగ్గా అన్నాననుకుంటాను. నాకు ఏడుపొచ్చినప్పుడు గొంతు విసుగ్గానే ఉంటుంది.

"దానికి చెవులు కావాలని నేనడగట్లేదక్కా," అంది పేరంటాలు. "పడుకునే ముందు అది పైకి చూస్తా ఏదో అనుకుంటా ఉంటది. ఏమనుకుంటందో నాకు తెలవాల. అంతే."

వరసలో తర్వాతి పుస్తకం తెమ్మని బండోడికి చెప్పాను.

419 –

పేరు ఖాళీగా వదిలాను, ఎందుకో చదివితే తెలుస్తుంది.

నాలుగు వందలతో మొదలయ్యే నంబర్లన్నీ భాషలు. వ్యాకరణాలు, నిఘంటువులు, ఊరికి అక్కరలేనివి. వాటికి పేర్లు పెట్టే పని ఆఖరికి వాయిదా వేస్తూ వచ్చాను. కొండపడవ బయలుదేరిందని కబురు రాగానే గబగబా ఒక్కో అరా తీయించడం మొదలుపెట్టాను. 419 అంటే బండోడు ఒక పలచటి పుస్తకం తెచ్చిచ్చాడు. తెరిస్తే పేజీ నిండా చేతులు. ముడిచిన చేతులు, విప్పిన చేతులు, గుండె మీద పెట్టిన చెయ్యి, నుదుటి దగ్గరినుంచి ముందుకు వస్తున్న చెయ్యి. ఒక్కో బొమ్మ కింద ఒక్కో మాట. అమ్మ. నీళ్లు. ఎందుకు. కల. కోపం.

పక్కన టీ తాగుతున్న మాస్టారికి పుస్తకం చూపించి, ఇది ఇక్కడెందుకుంది, చెవి దగ్గర కదా ఉండాలి, ఏడాదంతా అక్కడే కదా వెతికాం అని ఆయన మీద కేకలేశాను. తప్పు ఆయనది కాదు, కానీ దగ్గరలో ఆయనే ఉన్నారు.

"చెవి జబ్బుల్లో ఎందుకుంటుందమ్మాయ్?" అన్నారాయన. "జబ్బు గురించి రాసిన పుస్తకం కాదుగా ఇది. ఇదొక భాష. భాషల్లోనే పెట్టారు."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగో తెప్పకి పరిగెత్తాను.

419 – ఇంకా పేరు లేదు

పుస్తకం ఇంటికి ఇవ్వడానికి లేదు. పొద్దుగూకితే తేమ పట్టేస్తుంది. అందుకని తల్లీకూతుళ్లు రోజూ నా కిటికీ ముందుకే వచ్చి కూర్చుంటున్నారు. మొదటి రోజు నాంచారి పుస్తకాన్ని కాసేపు కొరికింది, కాసేపు విసిరింది. తర్వాత నీళ్ల బొమ్మ చూసి, తల్లి చేతిని చూసి, బిందె చూసి, ఒక్కసారిగా నిలబడిపోయింది. ఆ తర్వాత తెప్ప మీద కనపడిన ప్రతి వస్తువు దగ్గరికీ పేరంటాలుని లాక్కుపోయి దీన్నేమంటారు, దీన్నేమంటారు అన్నట్టు చేతులు ఊపసాగింది. అన్నిటికీ పేర్లుంటాయని ఆ పిల్లకి ఆ రోజే తెలిసింది. నేను చూస్తూ ఉండిపోయాను, సంచులు ఎండలో మాడిపోయాయి.

తెప్ప మీది పిల్లలంతా చేరిపోయారు. మాస్టారు కూడా రోజూ వస్తున్నారు. ఆయన వేళ్లు బిగుసుకుపోయి సరిగా వంగవు. తప్పు పెడితే నాంచారి ఆయన చేతి మీద ఒక్కటి వేసి, వేళ్లు లాగి సరిచేస్తుంది. ఆయన బుద్ధిగా చేయించుకుంటారు. చొక్కా పై గుండీ ఊడిపోయినా పట్టించుకోవడం లేదు.

పడవ వచ్చి తిరిగి వెళ్లేలోగా పేరు పడాలి. పేరు పడకపోతే ఈ అర మొత్తం కొండకి పోతుంది, ఈ ఒక్క పుస్తకమే కాదు, దాని వెనక ఇంకా వరసగా ఉన్నవి కూడా. మొదటిసారి పేరంటాలు చేతుల మాటలు అంది, సుబ్బన్న సైగలు అన్నాడు, మాస్టారు సంజ్ఞా భాషా శాస్త్రము అన్నారు. ఎర్రదీపం. వారం పోయింది. పుస్తకం కూడా లోపలే ఉండిపోయింది. పిల్లలు గుర్తున్నవాటితోనే కాలక్షేపం చేశారు, లేనివి వాళ్లే కల్పించుకున్నారు.

ముందే కూడబలుక్కుందామని నేను మాస్టారుతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అలా పెట్టిన పేరు మన ముగ్గురికే తెలుస్తుందనీ, రేపు ఇంకో తల్లి వచ్చి అడిగేటప్పుడు ఆమె నోటికి రాదనీ అన్నారు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. క్యాంటీన్‌లో అడిగి చూశాను. పదిమంది పది మాటలన్నారు. ఒకతను మూగభాష అంటే పేరంటాలు అతని కంచం లాగేసుకుంది. తన కూతురు మూగది కాదనీ, ఊళ్లో అందరికన్నా వాగుడుకాయ అనీ, కావాలంటే చేతులకేసి చూడమనీ అంది.

రెండోసారి ఏం జరిగిందో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. మా ఊరివాళ్లకి ఎదుటివాడి మాట కాదనడం ఇష్టముండదు. ఆ మర్యాదే కొంప ముంచింది. మాస్టారు, పాపం, సుబ్బన్న మాట నిలబెడదామని సైగలు అన్నారు. సుబ్బన్న, మాస్టారు పెద్దమనిషి గదా అని, రాత్రంతా బట్టీపట్టి సంజ్ఞా భాషా శాస్త్రము అన్నాడు. పేరంటాలు ఇద్దరికీ సగం సగం సర్ది సైగల భాష అంది. మళ్లీ ఎర్రదీపం. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, మీకోసమే అలా అన్నానంటే మీకోసమే అన్నానని చెప్పుకున్నారు. నేను తల గోడకేసి కొట్టుకున్నాను. వారం గడువు తీరే రోజే పడవ తిరిగి వెళ్లే రోజు.

419 – పడవ రోజు

పొద్దుటినుంచి గాలి పెరిగింది. కొండపడవ మూడో తెప్పకి కట్టి ఉంది. పేరు పడని అరల పుస్తకాలు పెట్టెల్లోకి ఎక్కిస్తున్నారు. వారం గడువు తీరింది కదా అని 419లోవి కూడా పెట్టెకెక్కించి నంబరు రాసేశారు, చేతుల పుస్తకాన్ని మాత్రం నేను లోపలే ఆపించాను. పడవవాళ్లు తొందరపెడుతున్నారు. సుబ్బన్న క్యాంటీన్ కప్పు తాళ్లు బిగించడానికి పోయి ఇరుక్కుపోయాడు. పేరంటాలు వలలు లోపల పెట్టి వస్తానని కబురు పంపింది. మాస్టారు తాడు వంతెన అవతల, గాలికి గొడుగు తిరగబడి, దానితో కుస్తీ పడుతున్నారు. మూడో మనిషి ఎవరో తెలియక, బండోడితో ఆ పుస్తకం తెప్పించి కిటికీలో పెట్టి, నేను తలుపు దగ్గరికి వెళ్లి అటూ ఇటూ చూస్తున్నాను.

నాంచారి నా స్టూలు ఎక్కింది. వారం తర్వాత తన పుస్తకం కనపడింది కదా. బండోడి కన్ను ఆ పిల్ల వైపు తిరిగింది, వాడి చెయ్యి పుస్తకం మొదటి పేజీ తెరిచి చూపించింది. వాడి పద్ధతి అది, ఎదురుగా ఎవరున్నా అదే చేస్తాడు. నాంచారి రెండు అరచేతులూ విప్పి, గుండె ముందు ఎదురెదురుగా పెట్టి, ఒకటి వెనక ఒకటి ముందుకీ వెనక్కీ ఆడించింది. ఆ పుస్తకంలో చేతులతో మాట్లాడటానికి వేసిన బొమ్మ అది. పిల్లలు రోజూ ఒకరినొకరు పిలుచుకునేది కూడా దానితోనే.

కిటికీ మీద మొదటి పసుపు దీపం వెలిగింది. ఒకరిది అందింది అని దాని అర్థం.

నేను ఉన్నచోటే ఆగిపోయాను. వాడు నోటి మాటలే తీసుకుంటాడని మేమంతా అనుకుంటున్నాం. ఎవరూ వాడికలా చెప్పలేదు, వాడూ మాకు చెప్పలేదు. ముగ్గురిదీ ఒకటిగా ఉండాలన్నదొక్కటే వాడి లెక్క. అది నోట్లోంచి వచ్చిందా చేతుల్లోంచి వచ్చిందా వాడికి అనవసరం. ఇప్పుడు నేను నోరు విప్పినా, చెయ్యెత్తినా, కన్ను గీటినా పని చెడిపోతుంది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.

పేరంటాలు తడిసిపోయి లోపలికి వచ్చింది. కూతురు ఏం చేసిందో ఆమె చూడలేదు. కిటికీ ముందుకెళ్లి పుస్తకం చూసి, నోరు తెరవబోయి, స్టూలు మీద నాంచారిని చూసింది. నోరు దానంతట అదే మూసుకుంది. చేతులు లేచాయి. అదే సైగ. రెండో దీపం వెలిగింది. తర్వాత అడిగితే, అది ఎదురుగా ఉంటే ఇప్పుడు నాకు నోరు ముందు రావట్లేదక్కా అంది.

ఇక మిగిలింది మాస్టారు. గొడుగు పారేసి, కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. పడవవాడు కొమ్ము ఊదాడు. మాస్టారు కిటికీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. చాలాసేపు సవరించుకున్నారు. ఆ సవరింపు ఏ మాటకో నాకు తెలుసు. జీవితంలో మొదటిసారి నేను ఒక మనిషికి ఏమీ చెప్పకుండా ఉండటానికి పళ్లు బిగించాను. పేరంటాలు నా చీర కొంగు పట్టుకుని మెలిపెడుతోంది. పెట్టె ఎత్తుకోవడానికి ఇద్దరు పడవ కుర్రాళ్లు వంగారు.

మాస్టారు పుస్తకం చూశారు. తర్వాత నాంచారిని చూశారు. ఆయన తప్పు చేస్తే సరిదిద్దడానికి ఆ పిల్ల అప్పుడే చెయ్యి సిద్ధం చేసుకుంది. ఆయన నోరు మూసుకుని, వంగని వేళ్లని ఒక్కొక్కటిగా విప్పి, రెండు అరచేతులూ గుండె ముందు ఆడించారు.

ఆకుపచ్చ దీపం వెలిగింది.

నేను అరిచిన అరుపు గాలిలో కూడా ఐదో తెప్ప దాకా వినపడిందట. పేరంటాలు మాస్టారి కాళ్ల మీద పడబోతే ఆయన కంగారుగా వెనక్కి జరిగి నా గుళికల సంచుల మీద పడ్డారు. నాంచారి ఆయన వేళ్లు పట్టుకుని చూసి, ఈసారి సరిచెయ్యడానికి ఏమీ దొరక్క వదిలేసింది. కుర్రాళ్లు పెట్టె కిందకి దించారు. అరల మీద పేర్లు రాసే కమిటీ మనిషి వచ్చి, దీని పేరు ఏమని రాయాలని అడిగాడు. అతని చేతిలోంచి కుంచె లాక్కుని రెండు చేతుల బొమ్మ వేశాను. బొమ్మ బాగా రాలేదు, రెండు పీతల్లా ఉంది. అయినా అందరికీ అర్థమవుతోంది.

551 – గాలివాన

తుఫాన్లు వచ్చాయి. తెప్పలు ఒకదానికొకటి కొట్టుకోకుండా తాళ్లు వదులు చేశారు. నాలుగో తెప్ప బాగా దూరం జరిగి ఊగుతోంది. ఈ గాలిలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పొద్దుటినుంచి ఊరంతా ఏమిటీ, ఏమిటీ అని ఒకరినొకరు అడుగుతోంది.

నాంచారి నిన్నటినుంచి నా దగ్గరే ఉంది. పొద్దున తనే స్టూలు ఎక్కి బండోడికి చేతులు ఆడించి చూపింది. వాడు 419లో తర్వాతి పుస్తకం తెచ్చిచ్చాడు. అది కథల పుస్తకం, ప్రతి మాటకీ చేతుల బొమ్మ. కిటికీ పక్కన కూర్చుని తల ఎత్తకుండా చూస్తోంది. మధ్యాహ్నం నాలుగో తెప్ప అంచున పేరంటాలు కనపడింది. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో, వచ్చి అన్నం తిను అంది. నాంచారి ఏదో అంది. పేరంటాలు మళ్లీ అంది. నాంచారి విసురుగా నాలుగైదు సైగలు చేసి పుస్తకంలో తల దూర్చేసింది. వాళ్లిద్దరి మధ్యా ఇంత సముద్రం ఉంది, ఆ గాలిలో మాట్లాడుకోగలిగింది ఊళ్లో వాళ్లిద్దరే.

కాసేపటికి పేరంటాలు తాడు వంతెన పట్టుకుని, తడిసి ముద్దై, గిన్నె కొంగులో కట్టుకుని వచ్చేసింది. ఏమైందని కంగారుగా అడిగాను. నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది.

"రాదంటక్కా. పుస్తకం అయ్యేదాకా పిలవొద్దంట. అంత ఆకలైతే నువ్వే తిను అంటంది." ఆమె మొహం మీద వాననీళ్లే కాదు, అన్నీ కారుతున్నాయి. "నా కూతురు నాకు ఎదురు చెప్తందక్కా."

ఆ మాట ఆమె అక్కడితో వదల్లేదు. గిన్నె నా చేతిలో పెట్టి, ఆ గాలివానలో తెప్పంతా తిరిగి, ఎవరికీ ఒక్క ముక్క వినపడకపోయినా, కనపడిన ప్రతివాళ్లకీ చెప్పి వచ్చింది.